ఈస్టు కణములో సరకుల రవాణా

రొట్టెపిండిని పొంగించు ఈస్టు ఏకకణజీవి. ఆ ఒక్క కణములోనే వేలకొలది రకముల మాంసకృత్తులు తయారగుచున్నవి. వానిలో కొన్ని కణములోనే ఉండవలెను. కొన్ని పైపొరను చేరవలెను. ఇన్వర్టేజు వంటివి పొరను దాటి చక్కెరను విడగొట్టవలెను. ఈ రవాణాను నడిపించునది ఏది?

దారిని మొదట చూపినవాడు జార్జి పలాడె. మాంసకృత్తులు అంతర్జీవద్రవ్య జాలములో ప్రవేశించి, గాల్జీ సముదాయము మీదుగా, చిన్న చిన్న తిత్తులలో కణపు అంచును చేరునని ఆయన జంతువుల క్లోమకణములలో నిరూపించెను. 1974 లో నోబెల్ బహుమానము పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు. దారి తెలిసినది గాని, దానిని నడిపించు యంత్రాంగము తెలియలేదు.

1976 లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరిన రాండీ షెక్మన్ ఇందుకు ఈస్టును ఎన్నుకొనెను. యంత్రములో ఒక భాగమును చెడగొట్టి, పని ఎచ్చట ఆగునో చూచుట ఆయన పద్ధతి. అయితే రవాణా ఆగిన కణము చనిపోవును గదా! అందుచేత 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద బ్రతికి, 37 డిగ్రీల వద్ద మాత్రమే చెడు జన్యువులు గల ఈస్టును వెదకిరి. ఆయన శిష్యుడు పీటర్ నోవిక్ కనుగొన్న మొదటి రకమును వారు 1979 లో ప్రకటించిరి. వేడిమిలో ఆ కణములు తిత్తులతో కిక్కిరిసిపోయెను.

ఇట్టి కణములు సరకును తయారుచేయుచునే ఉండును గాని పెరుగవు. కావున సాంద్రత హెచ్చి ఇతర కణములకంటె అడుగునకు దిగును. ఈ గుణము ఆధారముగా వానిని వేరుచేసి, 1980 నాటికి 23 జన్యువులను గుర్తించిరి. వీనికి సెక్ జన్యువులని పేరు.

వీనిలో ఏది ముందు, ఏది వెనుక? రైలుమార్గము రెండుచోట్ల తెగినచో బండి మొదటి చోటనే ఆగును. అట్లే రెండు లోపములు గల ఈస్టులో సరకు మొదటి అడ్డంకి వద్దనే పేరుకొనును. ఈ ఉపాయముతో 1981 లో మజిలీల వరుస తేలినది.

ఈస్టునకు తెలిసినది మనకు వర్తించునా? జేమ్స్ రాత్మన్ బృందము హామ్‌స్టర్ అను ఎలుకజాతి జంతువు కణముల నుండి 1988 లో వేరుచేసిన ఒక మాంసకృత్తు, ఈస్టులోని సెక్-18 జన్యువు తయారుచేయునట్టిదేయని మరుసటి సంవత్సరము తేలినది. 2013 లో షెక్మన్, రాత్మన్, థామస్ స్యూడాఫ్‌లకు నోబెల్ బహుమానము లభించెను.

ఒకానొక వంశానుగత రక్తహీనతకు కారణము మానవునిలోని సెక్-23బి జన్యువు చెడుటయేయని 2009 లో కనుగొనిరి. ఈస్టులోని సెక్-23, ఆ మొదటి 23 లోనిదే. రొట్టెపిండిలోని జీవిని శ్రద్ధగా ప్రశ్నించినవారికి మానవరక్తమును గూర్చిన సమాధానము కూడ దొరకినది.