పొగకు జవాబు చెప్పవలసిందెవరు?

అడగనిదే అమ్మయినా పెట్టదని మన పెద్దలు చెప్పేవారు. ఆ సామెతను మనకు నేర్పిన పెద్దలే చెరకుతోటల్లో నోరు మెదపడానికి భయపడిన రోజులు ఉన్నాయి. సర్దారును అడిగితే కూలి కోత, తోట వదిలి బయటికి వస్తే పోలీసుల చేతికి చిక్కడం, చేతిలో పాసు లేకపోతే జైలు. అయినా అడిగినవారు ఉన్నారు. 1871లో మారిషస్ దీవిలో 9,401 మంది పాత వలస కూలీలు ఒక అర్జీలో తమ పేర్లు చేర్చారు. నువెల్ దెకువెర్త్ ఎస్టేటును నడిపిన అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ దానిని గవర్నరు సర్ ఆర్థర్ గోర్డన్‌కు అందజేశాడు. అందుకు ఆయన పోర్ట్‌లూయీ వీధిలో దెబ్బలు తిన్నాడు. కాని ప్రశ్న ఆగలేదు. 1872లో లండన్ నుంచి రాయల్ కమిషన్ వచ్చింది. దాని నివేదిక 1875లో బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వెళ్లింది. 1878లో కూలీల చట్టం మారింది.

ఈ కథ మన పాఠకులకు కొత్త కాదు. మేము ఇప్పుడు చెప్పదలచినది దాని రెండవ వైపు. మన పూర్వీకుల ప్రశ్న ఏ లండన్‌కు వెళ్లిందో ఆ లండన్‌లోనే, అక్కడి సామాన్య ప్రజలు తమ ప్రభుత్వం నుంచి జవాబు ఎలా రాబట్టారు? పాలించే దేశంలో పుట్టినవారికి జవాబు తేలికగా దొరికి ఉంటుందని మనం అనుకుంటాము. అది భ్రమ. వారు పీల్చే గాలి విషయంలో జరిగిన చరిత్ర చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఆ చరిత్రలో రవాణా, పర్యావరణం, స్థానిక పరిపాలన ఈ మూడూ ఒకే ముడిలో పడి ఉన్నాయి.

ఐదు రోజుల చీకటి

1952 డిసెంబరు 5వ తేదీ శుక్రవారం నాడు లండన్ నగరం మీద పొగమంచు దిగింది. 9వ తేదీ దాకా కదలలేదు. చలి ఎక్కువగా ఉండడం వల్ల ప్రతి ఇంటి పొయ్యిలోనూ నేలబొగ్గు మండుతున్నది. యుద్ధం చేసిన అప్పులు తీర్చడానికి మంచి బొగ్గు విదేశాలకు పోతూ ఉంటే, ఇళ్లకు నాసి బొగ్గు మిగిలింది. ఆ నెల మొదటి తేదీ నుంచే ఆ నాసి రకాన్ని రేషను లేకుండా అమ్మనిచ్చారు. గాలి లేదు, పైన వెచ్చని గాలిపొర మూతలాగ కప్పింది. ఇళ్ల పొగ, విద్యుత్ కేంద్రాల పొగ, బండ్ల పొగ అంతా వీధుల్లోనే నిలిచిపోయింది. బస్సుల ముందు కండక్టర్లు దీపాలు పట్టుకొని నడిచారు. సాడ్లర్స్ వెల్స్ నాటకశాలలోకి పొగ జొరబడి, సంగీత నాటకం మధ్యలోనే ఆగిపోయింది. పశువుల ప్రదర్శనకు తెచ్చిన పశువులు కొన్ని ఊపిరాడక చనిపోయాయి.

మనుషులు చనిపోయిన సంగతి మాత్రం వెంటనే తెలియలేదు. ఇళ్లలో, ఆసుపత్రుల్లో వృద్ధులు, పసిపిల్లలు, ఉబ్బస రోగులు ఒక్కొక్కరుగా పోయారు. శవపేటికలు చాలడం లేదని అంత్యక్రియల వారు చెప్పినప్పుడు గాని జనానికి అనుమానం రాలేదు. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం ప్రతివారం ప్రచురించే మరణాల పట్టిక ఆ అనుమానాన్ని రుజువు చేసింది. మామూలుగా చనిపోయేవారికంటే సుమారు 4,000 మంది ఎక్కువ పోయారని తరువాత ప్రభుత్వమే లెక్క వేసింది. ఆ తరువాతి నెలల్లో జరిగిన మరణాలకు ఇన్‌ఫ్లుయెంజా కారణమన్నారు. అర్ధ శతాబ్దం గడిచాక పరిశోధకులు ఆ లెక్కను మళ్లీ పరిశీలించి, మొత్తం మృతులు 12,000 వరకు ఉండవచ్చునన్నారు.

లెక్క ఎంత అవసరమో ఇక్కడ గమనించాలి. మన పూర్వీకులను నంబర్లతో రిజిస్టర్లలో వ్రాసుకున్నారని మనం బాధపడుతూ ఉంటాము. ఆ బాధ న్యాయమైనదే. కాని ఆ రిజిస్టర్లే ఈనాడు మన ఊరు, మన ఇంటిపేరు వెతుక్కోవడానికి దారి చూపుతున్నాయి. అలాగే లండన్‌లో కూడా, ప్రభుత్వం వ్రాసిన పట్టికే ప్రభుత్వం మీద సాక్ష్యం పలికింది.

సభలో ప్రశ్నలు

అప్పటి గృహవసతి, స్థానిక పరిపాలన మంత్రి హెరాల్డ్ మాక్మిలన్. పొగ మీద చర్య తీసుకునే బాధ్యత ఆయన శాఖదే. 1953 జనవరిలో నార్మన్ డాడ్స్ మొదలైన ప్రతిపక్ష సభ్యులు కామన్స్ సభలో ఆయనను ప్రశ్నించారు. కొత్త చట్టం అవసరమని తనకు తోచడం లేదని ఆయన బదులు చెప్పారు. చేయవలసినది స్థానిక సంస్థలని ఒకరు, బొగ్గు శాఖ అని మరొకరు, వాతావరణమే కారణమని ఇంకొకరు అన్నారు. బంతి ఒకరి చేతినుంచి ఒకరి చేతికి పోయింది.

ప్రశ్నలు మాత్రం ఆగలేదు. 1953 జూలైలో సర్ హ్యూ బీవర్ అధ్యక్షతన ఒక కమిటీని వేశారు. అదే సంవత్సరం చివర మాక్మిలన్ తన తోటి మంత్రులకు పంపిన రహస్య పత్రం ఒకటి తరువాత బయటపడింది. మనం పెద్దగా చేయగలిగింది ఏమీ లేదు, కాని పని చేస్తున్నట్టు కనబడవచ్చు, ఈ రోజుల్లో అదే సగం విజయం అని దాని సారాంశం. ఇది చదివినప్పుడు మాకు నవ్వు, కోపం రెండూ వచ్చాయి. కమిటీ వేయడం జవాబు చెప్పడం కాదు. ఒక్కొక్కప్పుడు జవాబు తప్పించుకోవడానికే కమిటీ వేస్తారు.

అయితే బీవర్ కమిటీ నిద్రపోలేదు. 1954 నవంబరులో తుది నివేదిక ఇచ్చి, పొగను అరికట్టవచ్చునని, దానికయ్యే ఖర్చుకంటే పొగవల్ల దేశానికి కలిగే నష్టమే ఎక్కువని తేల్చింది. అప్పటికీ ప్రభుత్వం తాత్సారం చేస్తూ ఉంటే, పాలకపక్షానికే చెందిన జెరాల్డ్ నబారో అనే సభ్యుడు స్వంతంగా ఒక బిల్లు తెచ్చాడు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని మాట ఇచ్చిన తరువాతనే దానిని ఉపసంహరించుకున్నాడు. 1956 జూలైలో శుభ్రమైన గాలి చట్టం వచ్చింది. దాని ప్రకారం స్థానిక కౌన్సిళ్లు తమ పరిధిలో పొగ నియంత్రణ ప్రాంతాలను ప్రకటించవచ్చు. అక్కడ పొగ రాని ఇంధనమే వాడాలి. పాత పొయ్యిలు మార్చుకునే గృహస్థులకు ఖర్చులో పదింట ఏడు వంతులు ప్రజాధనం నుంచి ఇచ్చారు.

ఇల్లు అలకగానే పండుగ కాదు. చట్టం కౌన్సిళ్లకు అధికారం ఇచ్చిందే గాని, చేసి తీరాలని అనలేదు. కొన్ని కౌన్సిళ్లు త్వరగా కదిలాయి, గనుల ప్రాంతాల్లోని కొన్ని కదలనే లేదు. 1962 డిసెంబరులో మళ్లీ పొగమంచు కమ్మి వందలమంది చనిపోయారు. 1968లో వచ్చిన రెండవ చట్టం, కదలని కౌన్సిళ్లను ఆజ్ఞాపించే అధికారం మంత్రికి ఇచ్చింది. మొదటి ప్రశ్నకు, ఈ అధికారానికి మధ్య పదిహేనేళ్లు గడిచాయి.

పొగగొట్టం బండి వెనక్కు మారింది

1952 జూలైలో, అంటే ఆ చీకటి రోజులకు ఐదు నెలల ముందు, లండన్‌లో చివరి ట్రాము షెడ్డుకు చేరింది. విద్యుత్తుతో నడిచే ట్రాముల స్థానంలో డీజిల్ బస్సులు వచ్చాయి. అప్పుడు దానిని అభివృద్ధి అన్నారు. ఇళ్ల మీది పొగగొట్టాలు చల్లబడిన కొద్దీ రోడ్ల మీది బండ్లు పెరిగాయి. 2001లో కార్ల పన్నును కార్బన్ డయాక్సైడ్ లెక్కన మార్చినప్పుడు, అది తక్కువగా వదిలే డీజిల్ కార్లవైపు జనం మొగ్గారు. భూమి వేడెక్కకుండా చూద్దామని చేసిన పని అది. కాని ఆ కార్లు నైట్రోజన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా వదిలాయి. రవాణా శాఖ ఒకటి చూసింది, ఊపిరితిత్తులు వేరొకటి చూశాయి.

మరి దీనికి ఎవరిని అడగాలి? 1970లో స్థానిక పరిపాలన, రవాణా, ప్రజాపనుల శాఖలను కలిపి పర్యావరణ శాఖ అన్నారు. 1976లో రవాణాను విడదీశారు. 1997లో మళ్లీ కలిపారు, 2001లో మళ్లీ విడదీశారు. బోర్డు మీద పేరు మారినప్పుడల్లా, ఆ పని ఇప్పుడు మాది కాదని చెప్పే వీలు ఒకటి పుట్టింది. దీనికి విరుగుడుగా 1979లో కామన్స్ సభ ప్రతి శాఖకూ ఒక పరిశీలక కమిటీని ఏర్పరచింది. మంత్రినీ, అధికారులనూ పిలిపించి, కూర్చోబెట్టి, సాక్ష్యం తీసుకొని, అంతా అచ్చువేసే పద్ధతి అది. ప్రభుత్వంలో లేని సభ్యులు ప్రభుత్వాన్ని అడిగే పద్ధతి.

స్థానిక పరిపాలనలో మాత్రం ఒక వెనుకడుగు పడింది. 1986 మార్చి 31న గ్రేటర్ లండన్ కౌన్సిల్‌ను రద్దు చేశారు. నగరం మొత్తానికి ఎన్నికైన సభ 2000 సంవత్సరం వరకు లేదు. గాలికి వార్డు సరిహద్దులు తెలియవు. కాని ఆ పద్నాలుగేళ్లు లండన్ గాలికంతకూ కలిపి జవాబు చెప్పే స్థానిక నాయకుడు ఒక్కడు కూడా లేడు.

కోర్టు మెట్లు

2010 జనవరి నుంచి ఘనమీటరు గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్ సంవత్సర సగటున 40 మైక్రోగ్రాములు మించరాదని యూరపు చట్టం. ఆ సంవత్సరం బ్రిటన్‌లోని 43 ప్రాంతాలలో 40 ప్రాంతాలు గాలి పరిమితులను మించాయి. క్లయింట్ ఎర్త్ అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. 2015 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు, ఆ సంవత్సరాంతానికి కొత్త ప్రణాళిక ఇవ్వాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ప్రభుత్వం ఇచ్చిన ప్రణాళిక చాలదని 2016లో ఒకసారి, 2018లో మరొకసారి హైకోర్టు తీర్పు చెప్పింది. మూడుసార్లు ఓడిన తరువాత గాని ప్రణాళిక గట్టిపడలేదు.

ఈ అంకెల వెనుక ఒక చిన్న అమ్మాయి ఉన్నది. దక్షిణ లండన్‌లోని లూవిషంలో, రద్దీగా ఉండే సౌత్ సర్క్యులర్ రోడ్డు దగ్గర ఆమె ఇల్లు. తీవ్రమైన ఉబ్బసంతో 2013 ఫిబ్రవరిలో, తొమ్మిదేళ్ల వయసులో ఆమె చనిపోయింది. తల్లి ఊరుకోలేదు. మొదటి విచారణ గాలి మాట ఎత్తలేదు కనుక రెండవ విచారణ కావాలని ఏళ్ల తరబడి పోరాడింది. 2020 డిసెంబరు 16న కరోనర్ అనబడే మరణ విచారణాధికారి, గాలి కాలుష్యం ఆ మరణానికి ఒక కారణమని ప్రకటించాడు. ఆ దేశంలో ఆ మాట ఒక మరణ పత్రంలో చేరడం అదే మొదటిసారి. 2024లో పర్యావరణ, రవాణా, ఆరోగ్య శాఖలు మూడూ ఆ కుటుంబంతో రాజీకి వచ్చి విచారం తెలిపాయి. మూడు శాఖలను ఒకే గదిలోకి తెచ్చినది ఏ మంత్రివర్గమూ కాదు, ఒక తల్లి.

2019లో లండన్ నడిబొడ్డున మొదలైన అతి తక్కువ పొగ మండలం 2023 ఆగస్టు 29న నగరమంతటికీ విస్తరించింది. పాత బండికి రోజుకు 12 పౌండ్ల 50 పెన్నీలు కట్టాలి. శివార్లలోని ఐదు కౌన్సిళ్లు దానిమీద దావా వేసి ఓడిపోయాయి. వాటి వాదనలో అసలు న్యాయమే లేదని మేము అనము. కొత్త బండి కొనలేని పనివాడు, తెల్లవారుజామున ఆసుపత్రి పనికి పోయే నర్సు కూడా ఆ రుసుం కట్టవలసినవారే. 1960, 1970 దశకాలలో మన దీవి నుంచి నర్సు శిక్షణకు ఇంగ్లండు వెళ్లి, అక్కడే స్థిరపడిన అక్కచెల్లెళ్లు మన కుటుంబాలలో చాలామంది ఉన్నారు. శుభ్రమైన గాలి వారి పిల్లలకూ కావాలి, భారం మోసేదీ వారే. అందుకే ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న కూడా జవాబుదారీలో భాగమే. 1956 చట్టం పొయ్యి మార్చుకోమని చెప్పి డబ్బు కూడా ఇచ్చిందన్న సంగతి మరవరాదు.

మనకు మిగిలిన పాఠం

1968లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు మన దేశం ఆ వెస్ట్‌మిన్‌స్టర్ పద్ధతినే తీసుకున్నది. ప్రశ్నల సమయం మన సభలోనూ ఉన్నది. కాని మన మునిసిపాలిటీల ఎన్నికలు 2015లో జరిగిన తరువాత 2025 మే వరకు జరగలేదు. 2020 జూలై 25న వకాషియో ఓడ మన పగడపు దిబ్బ మీద ఎక్కింది. ఆగస్టు 6 నుంచి సుమారు వెయ్యి టన్నుల నూనె కారింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారు. మన జనం నిజంగానే ఎండిన చెరకు ఆకులు సంచులలో కుక్కి, నూనెకు అడ్డుకట్టలు కట్టారు. ఆగస్టు 29న వేలాదిమంది పోర్ట్‌లూయీ వీధులలో నడిచి ప్రశ్నించారు. ఏ వీధులలో ద ప్లెవిట్జ్ దెబ్బలు తిన్నాడో ఆ పట్టణంలోనే వారు నిర్భయంగా నడిచారు. 1871 నుంచి మనం నడిచిన దూరం అది.

మన తెలుగు తరగతుల్లో పిల్లలకు మొదట్లోనే ప్రశ్నపదాలు నేర్పుతాము: ఎవరు, ఏమి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎంత. మేము కూడా అలాగే, ఇంట్లో మరచిపోయిన భాషను బల్లమీద కూర్చొని నేర్చుకున్నాము. లండన్ గాలి కథ అంతా ఈ ఆరు మాటల కథే. ఎంతమంది పోయారు? ఎందుకు పోయారు? ఎవరు ఆపవలసి ఉండెను? ఎప్పుడు ఆపుతారు? ఈ మాటలను మన పిల్లలు వ్యాకరణం కోసం మాత్రమే నేర్చుకుంటే చాలదు. కౌన్సిలు సమావేశంలో, బస్సు స్టాండు దగ్గర, సముద్రపు ఒడ్డున నిలబడి అడగడం కూడా నేర్చుకోవాలి. 9,401 మంది పెద్దలు మనకు వదిలి వెళ్లిన ఆస్తి అదే.