గోబీ ఎడారిలో ఒక నీలాపనింద

శమంతకమణిని కృష్ణుడు కాజేశాడని లోకం అనుకున్నది. మణి దొరికింది, నింద తొలగింది. పురాణం కాబట్టి కథ అలా సుఖంగా ముగిసింది. చరిత్రలో నీలాపనిందలు అంత తేలికగా తొలగవు. అందుకొక ఉదాహరణ మంగోలియాలోని గోబీ ఎడారిలో, 7 కోట్ల సంవత్సరాలకు పైబడిన ఎముకల్లో ఉన్నది. శిలాజాల సంగతి సాహిత్య పత్రికకెందుకని పాఠకులు అడగవచ్చు. సాక్ష్యాన్ని ఎలా చదవాలి, చదివినదానికి ఏ పేరు పెట్టాలి అన్నవి విమర్శకుడి ప్రశ్నలు కూడా. అందుకే ఈ వ్యాసం.

నేను కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లో పదాల పుట్టుక వివరిస్తూ 'ఓవిరాప్టర్' అనే డైనోసార్ పేరును ఉదాహరించేవాణ్ణి. లాటిన్‌లో 'ఓవమ్' అంటే గుడ్డు, 'రాప్టర్' అంటే దోచుకునేది. వెరసి గుడ్లదొంగ. పిల్లలు నవ్వేవారు. ఆ జంతువు దొంగతనం చేసిందని ఎవరు రుజువు చేశారని వాళ్లూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ అడగకపోవడమే నా తప్పు.

న్యూయార్క్‌లోని అమెరికన్ ప్రకృతి చరిత్ర మ్యూజియం 1922 నుంచి 1930 దాకా మధ్య ఆసియాకు పరిశోధక బృందాలను పంపింది. నాయకుడు రాయ్ చాప్‌మన్ ఆండ్రూస్. డబ్బు ఇచ్చినవారిలో బ్యాంకరు జె.పి. మోర్గన్ ఉన్నాడు. పరిశోధకులు మోటారు కార్లలో వెళ్లారు. వాటికి కావలసిన పెట్రోలును, తిండి సామానును ఒంటెల బిడారు మోసింది. ఆ బిడారును నడిపినవారు స్థానికులు. ఆండ్రూస్ 1932లో ఈ యాత్రల వృత్తాంతాన్ని అచ్చువేసినప్పుడు పెట్టిన పేరు 'మధ్య ఆసియా నూతన విజయం'. విజయం అంటే ఇక్కడ దండెత్తి గెలవడమనే అర్థం. పండితుడు తన పనిని వర్ణించడానికి సేనాని భాష ఎందుకు వాడాడో మనం గమనించాలి.

మానవజాతి పుట్టిల్లు మధ్య ఆసియా అని మ్యూజియం అధ్యక్షుడు హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బోర్న్ నమ్మకం. ఆదిమానవుడు దొరకలేదు. 1923లో, ఎర్రటి ఇసుకరాతి గుట్టలు నిలిచిన బయన్‌జాగ్‌లో డైనోసార్ గుడ్లు దొరికాయి. అక్కడ ప్రోటోసెరటాప్స్ అనే శాకాహారి అస్థిపంజరాలు కొల్లలుగా ఉన్నాయి. కాబట్టి గుడ్లు దానివేనని తీర్మానించారు. ఎక్కువమంది ఎవరుంటే సొత్తు వారిదన్నమాట! ఒక గూటి పైన, కొద్ది అంగుళాల ఎత్తులో, పళ్లు లేని ముక్కు గల వేరొక జంతువు ఎముకలు బయటపడ్డాయి. ఇతరుల గుడ్ల దగ్గర దొరికినది దొంగ కాక మరేమవుతుంది? 1924లో ఆస్‌బోర్న్ దానికి ఓవిరాప్టర్ అని నామకరణం చేశాడు.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ పేరు జంతువు తిండి విషయంలో మనల్ని పూర్తిగా పొరబాటు పట్టించవచ్చుననీ, దాని స్వభావానికి అన్యాయం చేయవచ్చుననీ ఆస్‌బోర్న్ అదే వ్యాసంలో హెచ్చరించాడు. అనుమానం ఉన్నది, అయినా పేరు పెట్టాడు. తర్వాతి పాఠ్యపుస్తకాల్లోకి పేరు ప్రయాణించింది. అనుమానం ఆ వ్యాసంలోనే ఉండిపోయింది.

ఈ ఆస్‌బోర్నే 1921లో తన మ్యూజియంలో జరిగిన రెండవ అంతర్జాతీయ సుజనన మహాసభకు అధ్యక్షత వహించాడు. మనుషుల యోగ్యత పుట్టుకతోనే నిర్ణయమవుతుందని, జాతుల్లో ఎక్కువ తక్కువలున్నాయని చెప్పిన శాస్త్రాభాసం అది. ఆ నమ్మకం నుంచే ఈ పేరు పుట్టిందని నేననను. అందుకు ఆధారం లేదు. అయితే జాతి మొత్తానికి ఒక స్వభావాన్ని అంటగట్టడం ఆ కాలపు ఆలోచనలో ఎంత మామూలు సంగతో దీనివల్ల తెలుస్తుంది.

గుడ్ల విషయంలో అసలు బేరం వేరే జరిగింది. యాత్రలకు నిధి కూడబెట్టడానికి ఒక గుడ్డును వేలం వేశారు. 5,000 డాలర్లు పలికింది. శిలాజానికి ధర ఉన్నదని మంగోలులకూ చైనీయులకూ తెలిసిపోయింది, అనుమానాలు పెరిగాయి. ఈ అమ్మకం పొరబాటేనని ఆండ్రూస్ తర్వాత గ్రహించాడు. మంగోలియాలో 1924లో ప్రజా రిపబ్లిక్ ఏర్పడింది. 1925 తర్వాత ఆ గడ్డమీద ఈ బృందానికి మళ్లీ పని సాగలేదు.

ఆ తర్వాత గోబీకి వేరే పరిశోధకులు వచ్చారు. 1946-49 మధ్య సోవియట్ యాత్రలకు నాయకత్వం వహించిన ఇవాన్ ఎఫ్రెమోవ్ శిలాజ శాస్త్రవేత్త మాత్రమే కాడు, పేరు పొందిన నవలాకారుడు. 1963 నుంచి 1971 దాకా జరిగిన పోలిష్-మంగోలియన్ యాత్రలను జోఫియా కిలాన్-యవరోవ్‌స్కా అనే శాస్త్రవేత్రి నడిపింది. రించెన్ బార్స్‌బోల్డ్ వంటి మంగోలియా శాస్త్రజ్ఞులు తమ నేల చరిత్రను తామే రాయడం మొదలుపెట్టారు.

1993లో అమెరికన్-మంగోలియన్ బృందం ఉఖా తోల్‌గోద్ అనేచోట పనిచేసింది. 1923 నాటి గుడ్ల వంటి గుడ్డే అక్కడ దొరికింది. లోపల పిండం ఎముకలున్నాయి. అది ప్రోటోసెరటాప్స్ పిండం కాదు, ఓవిరాప్టర్ కుటుంబానిది! 1995లో మరొక శిలాజాన్ని వర్ణించారు. ఆ కుటుంబపు జంతువే గూటిమీద పొదిగే కోడిలా కూర్చుని, ముంగాళ్లు రెండూ గుడ్ల చుట్టూ చాచి, ఇసుక కమ్మేసినా లేవకుండా అట్లాగే మరణించింది. ఈ జంతువుకు 2001లో పెట్టిన పేరు మనకు పరాయిది కాదు: చితిపతి. బౌద్ధ సంప్రదాయంలో శ్మశానాన్ని కాపాడే దేవత పేరు అది.

నింద వీగిపోయింది. పేరు పోలేదు. జంతువులకు మొదట పెట్టిన పేరుకే ప్రాధాన్యమని, అర్థం తప్పన్న కారణంతో దాన్ని మార్చరాదని శాస్త్రనియమం. గుడ్లను కాపాడిన కుటుంబం ఇప్పటికీ గుడ్లదొంగ పేరే మోస్తున్నది.

జంతువుకు తన పేరు తెలియదు, బాధ లేదు. మనుషుల సంగతి అట్లా కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చి, పుట్టుకతోనే దొంగలని కొన్ని తెగలను జాబితాకెక్కించింది. మన ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురంలో నిఘా కింద ఉంచింది ఆ చట్టపు తర్వాతి రూపమే. 1952లో చట్టం రద్దయింది. మన కథల్లో, సినిమాల్లో ఆ ఊరు ఎన్నాళ్లు దొంగల ఊరుగా కొనసాగిందో రచయితలమైన మనకు తెలుసు. అక్కడ ఏ శాస్త్రనియమం మన చేతులు కట్టేసింది?

ఇంకొక్క మాట. గూటిమీద మరణించిన జంతువును చూడగానే అందరూ తల్లి అన్నారు. ఇటువంటి గూళ్లమీద కూర్చున్నది తండ్రి కావచ్చునని 2008లో ఒక పరిశోధన సూచించింది. అది కూడా ఇంకా చర్చలో ఉన్న విషయమే. దొంగ అన్నప్పటి తొందర, తల్లి అన్నప్పుడు కూడా మనలో ఉన్నది. నేనిప్పుడు విద్యార్థులకు ఈ ఉదాహరణ చెప్పవలసివస్తే, పేరు అర్థం చెప్పి ఊరుకోను. 1924 వ్యాసంలో ఆస్‌బోర్న్ రాసి, అందరూ మరిచిపోయిన ఆ హెచ్చరికను ముందు చదివిస్తాను.