గేమ్ జామ్‌లో చిన్న బోర్డు కంప్యూటర్ ఆటలు

తక్కువ గడువులో ఒక ఆటను మొదలుపెట్టి ముగించే పోటీయే గేమ్ జామ్. 2009లో మొదలైన గ్లోబల్ గేమ్ జామ్‌లో మొదట్లో ఆ గడువు 48 గంటలు. అంత తొందరలో రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డు అడ్డంకిలా కనిపిస్తుంది. 2012లో వచ్చిన తొలి పై వేగం 700 మెగాహెర్ట్జ్, మెమరీ 256 మెగాబైట్లు. కానీ జామ్ ఆటలు ఎక్కువగా ఆగిపోయేది యంత్రం చాలక కాదు, ఊహ గడువును మించడం వల్ల. ఆ ఊహకు బోర్డు తొలి గంటల్లోనే కళ్లెం వేస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కోదానికి దక్కేది 16.7 మిల్లీసెకన్లే, పైథాన్ లూపులో వందల బొమ్మలు కదిపితే లెక్క తప్పుతుంది. ల్యాప్‌టాప్‌లో రాసి చివర్లో బోర్డుకు ఎక్కిస్తే చాలదా అంటే, చాలదు. తొలి పై గ్రాఫిక్స్ చిప్‌కు తెలిసింది చిన్న యంత్రాల కోసం కుదించిన గ్రాఫిక్స్ ప్రమాణం ఓపెన్‌జీఎల్ ఈఎస్. డెస్క్‌టాప్ షేడర్లను, అంటే తెర మీద బొమ్మను తీర్చే చిన్న ప్రోగ్రాములను, తిరగరాయాల్సి వస్తుంది. పికో-8 వంటి, సాఫ్ట్‌వేర్‌గానే ఉండే ఊహా కన్సోల్ కూడా హద్దులు పెడుతుందన్న మాట నిజమే. అయితే నొక్కే స్విచ్చును పిన్నులకు నేరుగా కలపాలంటే అసలు బోర్డు ఉండాల్సిందే.

హద్దు భాషలోనూ ఎదురవుతుంది. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఇంట తెలుగు, బడిలో కన్నడం వాడే పిల్లల కోసం ఆట చేస్తే రెండు లిపులూ కావాలి. అసలు చిక్కు ఇక్కడే: అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ వంటి సాధనం లేకపోతే ఒత్తులు విడిపోతాయి. మాటలను ముందే బొమ్మలుగా గీసి పెట్టుకోవడం మొరటు ఉపాయమే, కానీ జామ్‌లో అదే త్వరగా తెమిలేది.