గోడలో కిటికీలు: టూ స్ట్రోక్ పోర్టుల పుట్టుపూర్వోత్తరాలు

రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే బొమ్మ పైకి తేలడం చిన్నప్పుడు అందరూ చూసిందే. పాత టూ స్ట్రోక్ బండ్ల మీద మమకారం చావని మెకానిక్‌లు ఇప్పటికీ అదే పని చేస్తారు, కాకపోతే సిలిండర్‌తో. హెడ్డు విప్పి, బోరు బయటకు తీసి, పెట్రోలుతో కడిగి ఆరబెడతారు. తెల్లకాగితాన్ని గొట్టంలా చుట్టి లోపలి గోడకు ఆనిస్తారు. పెన్సిల్ పొడి అద్దిన వేలితో దాన్నంతా నెమ్మదిగా రుద్దుతారు. గోడకున్న రంధ్రాల, అంటే పోర్టుల అంచులున్న చోటల్లా నల్లని గీత పడుతుంది. కాగితాన్ని తీసి బల్ల మీద పరిస్తే ఇంజన్ గుట్టంతా కళ్ల ముందుంటుంది. పొగ బయటకు పోయే వెడల్పాటి ఎగ్జాస్ట్ పోర్టు, దానికి అటూ ఇటూ కాస్త కిందుగా కొత్త గాలి, పెట్రోలు లోపలికి వచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టులు కనిపిస్తాయి.

ఈ కిటికీలు ఎంత ఎత్తున ఉండాలి, ఎంత వెడల్పుండాలి? ఈ ప్రశ్న వయసు 130 ఏళ్ల పైమాటే.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో వాల్వులు తలుపుల్లా తెరుచుకుని మూసుకుంటాయి. మామూలు టూ స్ట్రోక్ ఇంజన్‌లో గాలి వచ్చేదీ, పొగ పోయేదీ సిలిండర్ గోడకు పెట్టిన రంధ్రాల నుంచే. కిందికీ పైకీ ఆడే పిస్టనే వాటికి తలుపు. నిమిషానికి 7,500 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక చుట్టుకు పట్టే కాలం సెకనులో వెయ్యింట ఎనిమిది వంతులు. అందులో ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకుని ఉండేది దాదాపు సగం. ట్రాన్స్‌ఫర్ పోర్టులకు దక్కేది అంతకన్నా తక్కువ. కాలిన పొగ బయటకు పోవడం, కొత్త గాలి, పెట్రోలు లోపలికి రావడం అంతా ఆ కాస్త వ్యవధిలోనే జరిగిపోవాలి. అందుకే ఇక్కడ మిల్లీమీటరు కూడా పెద్ద కొలతే.

టూ స్ట్రోక్ పద్ధతికి 1881లో ఇంగ్లండులో పేటెంటు పొందినవాడు స్కాట్లండుకు చెందిన డుగాల్డ్ క్లార్క్. ఆయన ఇంజన్‌కు గాలిని నెట్టడానికి వేరే సిలిండరు కావలసి వచ్చేది. ఆ అదనపు భారాన్ని తొలగించినవాడు ఇంగ్లండులోని బాత్ పట్టణానికి చెందిన జోసెఫ్ డే. పిస్టన్ కింద ఉన్న క్రాంక్‌కేసునే పంపుగా వాడుకోవచ్చని చూపించి 1891లో పేటెంటు తీసుకున్నాడు. అయితే డే ఇంజన్‌లో గాలి లోపలికి రావడానికి ఇంకా ఒక మూత ఉండేది. ఆయన దగ్గర పనిచేసే ఫ్రెడరిక్ కాక్ ఆ మూత కూడా అక్కర్లేదన్నాడు. గోడకు మూడో పోర్టు పెట్టి, పిస్టన్ కింది అంచుతోనే దాన్ని తెరిచి మూసేలా చేశాడు. దాంతో ఇంజన్‌లో వాల్వు అనేదే లేకుండా పోయింది. కదిలే భాగాలు మూడే మిగిలాయి: పిస్టన్, కనెక్టింగ్ రాడ్, క్రాంక్. మన ఊళ్లలో తిరిగిన ఎన్నో మోపెడ్లకూ స్కూటర్లకూ మూలం ఇదే.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఒక పక్క నుంచి వచ్చిన కొత్త మిశ్రమం ఎదురుగా తెరిచి ఉన్న ఎగ్జాస్ట్ గుండా నేరుగా పారిపోయేది. దాన్ని అడ్డుకోవడానికి పిస్టన్ నెత్తిన మూపురంలాంటి గట్టు పోసేవారు. గట్టున్న పిస్టన్ బరువెక్కేది, వేడెక్కేది.

గట్టు అక్కర్లేని దారిని 1920లలో జర్మన్ ఇంజనీరు అడాల్ఫ్ ష్నూర్లే కనిపెట్టాడు. ట్రాన్స్‌ఫర్ పోర్టులను ఎగ్జాస్ట్‌కు రెండు పక్కలా పెట్టి, వాటి మూతిని ఎగ్జాస్ట్‌కు ఎదురుగా ఉన్న గోడ వైపు తిప్పాడు. రెండు ధారలూ అక్కడ కలిసి, పైకి లేచి, మెలిక తిరిగి పాత పొగను బయటకు నెట్టేవి. ష్యోపావ్ పట్టణంలోని డీకేడబ్ల్యూ కంపెనీ ఈ పద్ధతిని మోటారుసైకిళ్లకు తెచ్చింది. 1939 నాటి ఆ కంపెనీ ఆర్‌టీ 125 బండిని రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఎన్నో దేశాలు అనుకరించాయి. బ్రిటన్‌లో బీఎస్ఏ బాంటమ్, అమెరికాలో హార్లే డేవిడ్సన్ చిన్న బండి, జపాన్‌లో 1955లో యమహా తొలి మోటారుసైకిల్ వైఏ 1, అన్నీ దాని పిల్లలే.

పోర్టుల కథ మలుపు తిరిగింది కూడా ఆ ష్యోపావ్‌లోనే. యుద్ధం తర్వాత ఆ ఊరు తూర్పు జర్మనీలోకి వెళ్లింది. డీకేడబ్ల్యూ కర్మాగారం ఎంజెడ్ అయింది. 1953లో దాని రేసింగ్ విభాగానికి ఇంజనీరు వాల్టర్ కాడెన్ వచ్చాడు. డబ్బు తక్కువ, మంచి సామాను దొరకదు. ఆయన చేతిలో మిగిలిందల్లా కొలత. సైలెన్సర్ గొట్టంలో ఒత్తిడి అలలు ఎలా పోయి ఎలా తిరిగి వస్తున్నాయో ఆసిలోస్కోపు మీద చూశాడు. పారిపోబోయే మిశ్రమాన్ని తిరిగి వచ్చే అల సిలిండర్‌లోకి నెట్టేలా గొట్టం ఆకారం మార్చాడు. ఎగ్జాస్ట్‌కు ఎదురుగా మూడో ట్రాన్స్‌ఫర్ పోర్టు పెట్టాడు. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజన్ 25 హార్స్‌పవర్ ఇచ్చింది. అంటే లీటరుకు 200. టర్బోలాంటి ఊతం లేని ఇంజన్ ఆ అంకెను అందుకోవడం అదే మొదలు.

అదే ఏడు సెప్టెంబరులో స్వీడన్ గ్రాండ్ ప్రీ రేసు ముగిశాక ఎంజెడ్ రేసర్ ఎర్నెస్ట్ డెగ్నర్ పశ్చిమానికి పారిపోయాడు. కాడెన్ రహస్యాలు సుజుకీకి చేరాయి. మరుసటి ఏడాదే డెగ్నర్ సుజుకీ మీద 50 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. సుజుకీకి అదే తొలి ప్రపంచ టైటిల్. కీర్తి డెగ్నర్‌కూ సుజుకీకీ దక్కినా, దాని వెనకున్న కొలతలు కాడెన్‌వి. ఆ సంగతి చెప్పకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టే.

అప్పటిదాకా పోర్టుల పని ఎక్కువగా చేతి అనుభవమే. దాన్ని లెక్కల్లోకి దించినవాళ్లలో యమహా ఇంజనీర్లు ముఖ్యులు. పోర్టు ఎంత పెద్దదన్నది ఒక్కటే చాలదని, ఎంత విస్తీర్ణం ఎంతసేపు తెరిచి ఉందో రెండూ కలిపి చూడాలని వాళ్లు 1970ల మొదట్లో పత్రాల్లో వివరించారు. 1973లో అమెరికన్ పాత్రికేయుడు గోర్డన్ జెన్నింగ్స్ టూ స్ట్రోక్ ట్యూనింగ్ మీద చేతిపుస్తకం రాసి ఆ లెక్కను మామూలు మెకానిక్ బల్ల మీదికి తెచ్చాడు.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం 50 మిల్లీమీటర్లు, కనెక్టింగ్ రాడ్ పొడవు 100 అనుకుంటే, క్రాంక్ పైనుంచి 90 డిగ్రీలు తిరిగేసరికి పిస్టన్ 28.2 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఎగ్జాస్ట్ పోర్టు పై అంచు సరిగ్గా అక్కడుంటే అది మొత్తం 180 డిగ్రీల సేపు తెరిచి ఉంటుంది. ఆ అంచును ఆకురాయితో ఒక్క మిల్లీమీటరు పైకి జరిపితే ఆ వ్యవధి సుమారు నాలుగున్నర డిగ్రీలు పెరుగుతుంది. ఇంజన్ పై చుట్లలో చురుకవుతుంది. బదులుగా కింది చుట్లలో పికప్ పడిపోతుంది, మైలేజీ తగ్గుతుంది.

వెడల్పు పెంచడం ఇంకా ప్రమాదం. పోర్టు మరీ వెడల్పయితే పిస్టన్ రింగు ఆ ఖాళీలోకి ఉబ్బి అంచుకు తగులుకుంటుంది. రింగు విరిగిందంటే పిస్టనూ బోరూ రెండూ పోతాయి. అందుకే అరగదీసిన ప్రతి అంచునూ చివర్లో నున్నగా ఏటవాలుగా దిద్దాలి.

డిగ్రీలు కొలవడానికి క్రాంక్ చివర డిగ్రీ చక్రం బిగిస్తారు. లెక్క మొదలవ్వాల్సింది పిస్టన్ పైకొస నుంచి, కానీ అది అక్కడికి చేరే క్షణాన్ని కంటితో పట్టడం అసాధ్యం. అందుకని ప్లగ్ రంధ్రంలో ఒక అడ్డు పెట్టి, పిస్టన్ దానికి తగిలేదాకా ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పుతారు. రెండు అంకెలకూ సరిగ్గా నడుమ ఉన్నదే పైకొస. ఖరీదైన పరికరం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

మన దేశానికి ఈ వారసత్వం 1985లో యమహా ఆర్‌ఎక్స్ 100 రూపంలో గట్టిగా చేరింది. 98 సీసీ ఇంజన్, 7,500 చుట్ల దగ్గర 11 హార్స్‌పవర్. బోరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 50. పికప్ అన్న మాటకు తెలుగు కుర్రకారు అర్థం చెప్పుకున్నది దాని మీదే. బండి నచ్చిన చోటే పోర్టులను అరగదీసే పోర్టింగ్ కూడా మొదలైంది. కొలిచి చేసిన పోర్టింగ్ కొన్ని బండ్లకు ప్రాణం పోసింది. కంటి అంచనాతో గ్రైండర్ పెట్టిన చోట మంచి సిలిండర్లు పాడయ్యాయి.

ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది. కంపెనీ నుంచి వచ్చిన నాటి కొలతలతో ఉన్న సిలిండర్లు ఏటా తగ్గిపోతున్నాయి. అలాంటిది మీ దగ్గర ఉంటే, ఆకురాయి పట్టేముందు కాగితం చుట్టి పోర్టుల అచ్చు తీయండి. ఎత్తు, వెడల్పు, డిగ్రీలు దాని మీదే రాసి, తేదీ వేసి, బండి కాగితాలతో పాటు దాచిపెట్టండి.