పనివాని తెలివి, కంపెనీ దస్తరము

నాది సంఘం వారి సాయంకాలపు తరగతులలో నేర్చుకున్న తెలుగు. తప్పులుంటే పెద్దలు మన్నించవలెను.

మా తాతగారు పేరాక్ రాష్ట్రములో ఒక రబ్బరు తోటలో చెట్లు గీసి పాలు తీసేవారు. తెల్లవారక ముందే వెళ్ళవలెను, ఎండ ఎక్కితే పాలు సరిగా కారవు. కత్తి పైపైన పోతే పాలు రావు. మరీ లోతుగా దిగితే చెట్టుకు గాయమై, బెరడు మళ్ళీ నునుపుగా పెరగదు. ఎంత లోతు గీయవలెనో తాతగారి చేతికి తెలుసు. తోట కిరాణి పుస్తకములో మాత్రం ఆయన పేరు, ఆనాటి పాల తూకము, అంతే వ్రాసేవారు. ఇప్పుడు ఆ పుస్తకములన్నీ తిరగవేసినా ఆ లోతు ఎవరికీ దొరకదు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మా అబ్బాయి కౌలాలంపూరులో ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. వాళ్ళ ఆఫీసులో ఒక కంప్యూటరు పద్ధతి పెట్టారు. పాత రిపోర్టులు, ఉత్తరములు అన్నీ అది గాలించి, నీ పనికి ఈ కాగితం చదువు, ఈ సంగతి ఫలానా ఆయనకు తెలుసు, వెళ్ళి అడుగు అని ఎవరికి తగినది వారికి చెబుతుందట. గాలించుటను డేటా మైనింగ్ అంటారు. చెప్పుటను సిఫారసు అంటారు. (సిఫారసు అనగానే మనవాళ్ళకు ఉద్యోగం కోసం పెద్దమనిషి ఇచ్చే ఉత్తరం గుర్తుకు వస్తుంది. ఇది అది కాదు.) నేను ముప్పై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పినవాడను. దేనికైనా మొదలు ఎక్కడ అని వెదకుట నాకు అలవాటు.

మొదలు చాలా వెనుకనే ఉన్నది. అమెరికాలో ఐబీఎం కంపెనీలో హాన్స్ పీటర్ లూన్ అనే ఇంజనీరు ఉండేవారు. ఆయన 1896లో జర్మనీలో పుట్టారు. 1958లో కంపెనీ పత్రికలో ఒక వ్యాసం వ్రాశారు. సంస్థలో ఏమి తెలిసి ఉన్నది, అది ఎవరికి తెలుసు, ఎవరికి తెలియవలసి ఉన్నది, ఈ మూడింటిని యంత్రము చేత కలిపించవచ్చునా అన్నదే ఆయన ఆలోచన. పనిచేసే ఒక్కొక్కరికి ఏ విషయములు కావలెనో మాటల పట్టికగా వ్రాసి ఉంచుతారు. కొత్త కాగితము రాగానే యంత్రము అందులో పలుమారు వచ్చే మాటలను లెక్కించి, ఎవరి పట్టికతో పొసగితే వారికి కబురు పంపుతుంది. వారు ఆ కాగితము కావాలని తీసుకుంటే, దానిని బట్టి పట్టిక కూడా మారుతుంది. లూన్ 1964లో కన్నుమూశారు. ఈనాటి యంత్రముల మూలసూత్రము ఆ వ్యాసములోనే ఉన్నది.

మాటలు లెక్కించినంత మాత్రాన చాలదని తరువాతి వారికి తెలిసివచ్చింది. కాలిఫోర్నియాలో జిరాక్స్ వారి పార్క్ పరిశోధనశాలలో 1992 నాటికి టాపెస్ట్రీ అనే పద్ధతి చేశారు. ఫలానా ఆయన జవాబు వ్రాసిన ఉత్తరములే నాకు చూపు అని అందులో అడగవచ్చు. 1993లో ఐబీఎంలో రాకేశ్ అగ్రవాల్, ఆయన తోటివారు కొనుగోళ్ళ లెక్కలు గాలించి, ఏ సరుకుతో ఏ సరుకు కొంటున్నారో నియమములుగా తీసే దారి చూపారు. 1994లో గ్రూప్‌లెన్స్ వారు ఒకే అభిరుచి గలవారిని యంత్రమే వెదకి కలిపేటట్లు చేశారు. పుస్తకములు, సినిమాలు అమ్మే కంపెనీలు వీటితో ఎంత పెద్దవయ్యాయో మీకు తెలుసు.

నాకు అన్నిటికంటె నచ్చినది జిరాక్స్ మెకానిక్కుల కథ. ఫోటోకాపీ యంత్రములు బాగుచేసే వీరికి కంపెనీ లావుపాటి పుస్తకములు ఇచ్చింది. ఈ అంకె కనబడితే ఈ భాగము మార్చు అని వాటిలో ఉంటుంది. జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రజ్ఞుడు వారితో కలిసి తిరిగి, వారి పని చూసి, 1996లో ఒక గ్రంథము ప్రచురించారు. ఆయన చూసినదేమంటే, పుస్తకములో లేని రోగము వచ్చినప్పుడు మెకానిక్కులు భోజనం దగ్గర కూర్చొని కథలు చెప్పుకుంటున్నారు. నా యంత్రము ఇట్లా మొరాయించింది, నేను ఇట్లా చేశాను అని. అసలు తెలివి ఆ కబుర్లలో ఉన్నది! పైవాళ్ళకు మాత్రం అది పని మాని ముచ్చట్లాడుకొన్నట్టు కనబడుతుంది. (మా బడిలో ఉపాధ్యాయుల గది సంగతి కూడా ఇంతే.)

పార్క్ వారు మొదట రోగము కనిపెట్టే తెలివైన ప్రోగ్రాము చేసి మెకానిక్కులకు చూపారు. వాళ్ళు మెచ్చలేదు. మాకు కావలసినది మా తోటివారు కనుగొన్న చిట్కాలు అన్నారు. అట్లా యురేకా పుట్టింది. 1990ల నడుమ ఫ్రాన్సులో, ఇంటింటికి వచ్చిన మినిటెల్ అనే టెలిఫోను యంత్రము మీదనే దానిని నడిపారు. (ఆ మినిటెల్ 2012లో మూతబడింది.) మెకానిక్కు చిట్కా వ్రాసి పంపుతాడు, అనుభవజ్ఞులు పరీక్షిస్తారు, నిలిచిన దానిని వ్రాసినవాని పేరుతో అందరికీ అందిస్తారు. చిట్కాకు ఇంత అని డబ్బు ఇద్దామనే మాట వస్తే మెకానిక్కులే వద్దన్నారు. డబ్బు పెడితే ఎన్ని వ్రాశాడనేదే చూస్తారు, ఎంత మంచిది వ్రాశాడనేది చూడరు అన్నారు. పేరు ఉంటే చాలునన్నారు. బ్రెజిలులో ఒక ఇంజనీరు సుమారు 40,000 డాలర్ల రంగుల యంత్రమును మార్చివేయబోతూ యురేకా చూశాడు. కెనడాలోని మాంట్రియల్ మెకానిక్కు వ్రాసిన చిట్కా దొరికింది. తప్పంతా 50 సెంట్ల ఫ్యూజు హోల్డరులో ఉన్నది!

చిట్కాలు వేల సంఖ్యకు పెరిగినప్పుడు వేరే చిక్కు వచ్చింది. ఒకే రోగమును నలుగురు నాలుగు తీరులుగా వ్రాశారు. వాటిని యంత్రము చేత పోల్చి ఏరించుటకు పార్క్ వారు మళ్ళీ కూర్చున్నారు. గాలించే విద్య అవసరమైనది అక్కడనే. అయితే గాలించుటకు ముందు ఎవరో ఒకరు మనసు పెట్టి వ్రాయవలెను గదా. సినిమాలకు లక్షల మంది మార్కులు వేస్తారు. రెండువందల మంది ఉన్న ఆఫీసులో ఒక రిపోర్టును చదివేది ముగ్గురో నలుగురో. అంత కొద్ది గుర్తులతో యంత్రము ఏమి పోల్చుకోగలదు? పైగా ఎవరు ఏది తెరిచి చూశారో పైవాళ్ళకు తెలుస్తుందని భయపడితే, తెలియని సంగతిని వెదకుటకు కూడా జంకుతారు.

ఇదంతా అబ్బాయికి టెలిఫోనులో చెప్పి, మీ పద్ధతిలో సలహా కింద వ్రాసినవాని పేరు వస్తుందా అని అడిగాను. చూసి చెబుతానన్నాడు. వారం తరువాత పిలిచాడు. "నాన్నా, పేరుకు ఒక గడి ఉన్నది. కాని మా వాళ్ళు పాత కాగితములు ఎక్కించేటప్పుడు దానిని ఖాళీగా వదిలేశారు. స్టోరులో ఇరవైయేడేళ్ళు చేసిన ఒక పెద్దాయన వచ్చే నెల రిటైరు అవుతున్నారు. ఆయన వ్రాసినవి ఏవో ఇప్పుడు ఆయనను అడిగితేనే తెలుస్తుంది" అన్నాడు.

శనివారం నాడు ఒక నోటు పుస్తకం తీసుకొని ఆయన ఇంటికి వెళ్తున్నాడట.