ఉత్తర సముద్రపు చమురు రిగ్గులు: కాలుజారిన ప్రమాదాల చరిత్ర

చమురు వెలికితీత చరిత్రను చాలావరకు మహాప్రమాదాల వరుసగానే రాస్తూ వచ్చారు. బ్రిటన్ అధీనంలోని ఉత్తర సముద్రం విషయంలో ఆ వరుస 1965 డిసెంబరు 27న కూలిన 'సీ జెమ్' (13 మంది మృతి)తో మొదలై, 1988 జులై 6న దగ్ధమైన 'పైపర్ ఆల్ఫా' (167 మంది మృతి) వద్ద పరాకాష్ఠకు చేరుతుంది. పాశర్లపూడి అనగానే తెలుగువారికి 1995 నాటి మంటలే గుర్తుకు రావడం కూడా ఇటువంటిదే. రిగ్గుపై కాలుజారి పడిన కార్మికుడికి ఈ చరిత్రలో చోటు దొరకలేదు.

అతడు జారే పరిస్థితి పని స్వభావంలోనే ఉంది. బావి తవ్వేటప్పుడు గొట్టాల గుండా లోపలికి పంపే చిక్కటి ద్రవాన్ని 'మడ్' అంటారు. అరిగిన బిట్టును మార్చాలంటే వేల అడుగుల గొట్టాలను పైకి లాగి, భాగాలుగా విడదీయాలి. విడదీసినప్పుడు లోపల మిగిలిన మడ్ ఇనుప నేలపై చిమ్ముతుంది; డీజిలుతో కలిపిన మడ్ అయితే జారుడు మరీ ఎక్కువ. ఆ తడిలోనే నిలబడి బరువైన పట్టకార్లను తిప్పాలి. డెర్రిక్‌పై సుమారు 90 అడుగుల ఎత్తున ఇరుకైన పలక మీద నిలిచి గొట్టాల కొసలను అందుకొనేవాడికి పట్టు తప్పితే అప్పట్లో నడుముకు కట్టిన బెల్టే ఆధారంగా ఉండేది.

ఈ మామూలు ప్రమాదాలను పరిశోధనాంశంగా మార్చినవారు నేరశాస్త్రవేత్త డబ్ల్యూ. జి. కార్సన్. సముద్రపు లోతు, తుఫానులు, కొత్త సాంకేతికతలే ప్రాణాలు తీస్తున్నాయన్న వాదనను ఆయన 1982లో 'ది అదర్ ప్రైస్ ఆఫ్ బ్రిటన్స్ ఆయిల్' గ్రంథంలో తోసిపుచ్చారు. పడిపోవడం, వస్తువులు వచ్చి తగలడం వంటివి ఒడ్డునున్న పరిశ్రమలకు ఏనాడో తెలిసిన, నివారించదగిన కారణాలేనని చూపారు. మూలం వేగంలో ఉందన్నది ఆయన సిద్ధాంతం. విదేశీ చెల్లింపుల లోటుతో సతమతమవుతున్న ప్రభుత్వానికి చమురు త్వరగా కావాలి. రోజు లెక్కన అద్దె చెల్లించే రిగ్గు ఆగితే కంపెనీకి నష్టం. నేల కడగడానికి పట్టే సమయం కూడా ఆ లెక్కలోదే.

చట్టాలు లేకపోలేదు. 'సీ జెమ్' తరువాత 1971లో ప్రత్యేక చట్టం వచ్చింది. 1974 నాటి వృత్తి భద్రతా చట్టాన్ని 1977లో సముద్రానికి విస్తరించారు. కానీ పర్యవేక్షణ మాత్రం ఉత్పత్తి పెంచవలసిన ఇంధన శాఖ చేతిలోనే ఉండిపోయింది. 1980లో బర్గోయిన్ కమిటీ కూడా దాన్నే సమర్థించింది. ఒక్కొక్కరుగా పడినవారు కదిలించలేని ఈ ఏర్పాటును పైపర్ ఆల్ఫా కదిలించింది: లార్డ్ కలెన్ నివేదిక (1990) తరువాత, 1991లో ఆ బాధ్యత ఆరోగ్య భద్రతా కార్యనిర్వాహక సంస్థకు మారింది. 1992 నియమావళి ప్రతి రిగ్గుకూ 'సేఫ్టీ కేస్' పత్రాన్ని తప్పనిసరి చేసింది. పేలుడు, అగ్ని, నిర్మాణం కూలడం వంటి మహాప్రమాదాలే దానికి కేంద్రం. తడి నేలపై జారడం సాధారణ నియమాల కిందే ఉండిపోయింది.