క్రొవ్వు కణముల కథ

క్రొవ్వును దేహమునకొక గాదెగా మాత్రమే వైద్యులు చిరకాలము ఎంచిరి. మనిషి చిక్కినపుడు ఆ గాదెలు కూలునా, ఖాళీయై నిలుచునా? సమాధానము, చిత్రముగా, అణ్వస్త్రములనుండి లభించినది.

1955 మొదలు 1963 వరకు ఆరుబయట జరిగిన బాంబు పరీక్షలవలన వాయుమండలమున కార్బన్-14 మిక్కుటమయ్యెను. పిదప క్రమముగా తగ్గెను. పైరుల ద్వారా ఆహారమున చేరి, అది క్రొత్తగా పుట్టిన ప్రతి కణముయొక్క డి.ఎన్.ఏ.లో ఆ యేటి ముద్ర వేసినది. వినాశమునకై చేసిన పని వైద్యునికి పంచాంగమైనది! 2008లో స్టాక్‌హోమునందలి కరోలిన్‌స్కా సంస్థ శాస్త్రజ్ఞులు దానిని చదివిరి. పెద్దలలో ఏటేట పదవవంతు క్రొవ్వు కణములు నశించును. ఇంచుమించు అన్నియే పుట్టును. బరువు తగ్గించు ఉదర శస్త్రచికిత్స జరిగిన రెండేండ్లకు చూడగా, కణములు చిన్నవైనవే కాని సంఖ్య తగ్గలేదు.

చికిత్స పిమ్మట మరల బరువెక్కినవారిని జిహ్వచాపల్యమని నిందించుట మాకు న్యాయముగా తోపదు. 2024లో జూరిచ్ పరిశోధకులు అట్టి చికిత్స పొందినవారి క్రొవ్వును పరీక్షింపగా, రెండేండ్లకును పలు జన్యువుల నడక స్థూలకాయమునాటి తీరుననే ఉండెను. వారి ప్రయోగశాలలో చిక్కిన ఎలుకలకు మరల క్రొవ్వుమేత పెట్టగా, ఎన్నడును లావెక్కని ఎలుకలకంటె అవియే త్వరగా బరువెక్కినవి.